అప్‌డేట్: మోజార్ట్ క్లారినెట్ కాన్సర్టో, నలుగురి వాయింపు

నలుగురు వాయించిన ఒకే కాన్సర్టోలో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాద్యం ప్రధానంగా వినిపించే రచన) కొన్ని చోట్ల ఒకరు కింది స్వరాలకు దిగితే ఇంకొకరు పైకి ఎందుకెళ్తున్నారని ఇంతకుముందు అడిగాను కదా. మీరు చెప్పిన రికార్డింగులన్నీ విన్నాను. 1791లో మోజార్ట్ దీన్ని ఆంటోన్ స్టాడ్లర్ వాయించే బాసెట్ క్లారినెట్ కోసం రాశాడు. దానికి కింద అదనంగా స్వరాలుంటాయి. సబీన్ మేయర్, మార్టిన్ ఫ్రోస్ట్ వాయించింది దాని మీదే. కార్ల్ లైస్టర్, జాక్ బ్రైమర్‌లది మామూలు క్లారినెట్, అందుకే ఆ ముక్కలు ఒక స్థాయి పైకి జరిగాయి. ఆ అనుమానం తీరింది.

అసలు మజా అడాజియోలో, అంటే నెమ్మదిగా సాగే మధ్య భాగంలో ఉంది. మొదట వినిపించిన బాణీ తిరిగొచ్చే చోట ఫ్రోస్ట్ ఎంత మెల్లగా వాయిస్తాడంటే, మా పర్లాకిమిడి ఆటోల హోరులో ఇయర్‌ఫోన్స్ లేకుండా వినపడదు. బ్రైమర్ స్వరంలో సన్నటి వణుకు, బీచమ్ నడిపించిన ఆర్కెస్ట్రాతో తీరుబడి నడక. లైస్టర్‌ది గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే మా బాబాయికి వినిపిస్తే లైస్టర్‌ది చప్పగా ఉందన్నాడు (గమకాలకు అలవాటుపడ్డ చెవి మరి!). బ్రైమర్‌ని మాత్రం మళ్లీ పెట్టమన్నాడు. నా ఓటు మేయర్‌కే. ఆ కింది స్వరాలు విన్నాక మిగతా రికార్డింగుల్లో అవి వచ్చే చోటు కోసం వెతుక్కుంటున్నాను.