కుంటే గుర్రాన్ని ఖాళీగా వెంట నడిపిస్తే తప్పా?

కొండబాట:
నా దగ్గర పదిహేడేళ్ల ఆడ గుర్రం, పదకొండేళ్ల కంచరగాడిద ఉన్నాయి. గుర్రానికి కుడి ముందుకాలి గిట్టకు కాస్త పైనున్న కీలు అరిగిందని రెండేళ్ల క్రితం ఎక్స్‌రేలో తేలింది. మెత్తటి నేల మీద మామూలుగా నడుస్తుంటే ఏమీ తెలియదు. గట్టి నేల మీద ట్రాట్ (చిన్న పరుగు) చేయించి గుండ్రంగా తిప్పితే కుంటుతుంది. సున్నా నుంచి ఐదు దాకా ఉండే కొలతలో వెట్ రెండు అని రాశారు. ఇది చాలదన్నట్టు ఎలర్జీ ఒకటి. నుసుములు కుడితే జూలు, తోక మొదలు రక్తం కారేదాకా చెట్టుకేసి రుద్దుకుంటుంది. దుమ్ము పట్టిన ఎండుగడ్డి వేస్తే దగ్గు.

సవారీ ఎప్పుడో మానేశాను. కొండల్లోకి వెళ్తే నేను నడుస్తాను, సామాను కంచరగాడిద మోస్తుంది, గుర్రం ఖాళీగా వెంట వస్తుంది. రోజుకు 10, 12 కిలోమీటర్లు, రెండు మూడు రోజులు. మొన్న దారిలో ఎదురైన ఒకావిడ ‘కుంటే గుర్రాన్ని కొండలెక్కిస్తావా, నీకు మనసెలా ఒప్పింది’ అని మొహం మీదే అడిగేసింది. అప్పట్నుంచి అదే ఆలోచన. ఇంట్లో వదిలేసి వెళ్తే మాత్రం గుర్రం ఒళ్లంతా చెమట పట్టేదాకా కంచె వెంట అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. దానికన్నా నాతో రావడం నయం కాదా?

లాడం_దెబ్బ:
ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదండీ. ఖాళీగా వస్తోంది అంటున్నారు. దాని ఒళ్లే ఓ 450 కిలోలు ఉంటుంది, అందులో 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. దిగుడులో ఇంకా ఎక్కువ. రాళ్ల దారిలో గిట్ట ఒక పక్క ఎత్తు మీద, ఇంకో పక్క పల్లంలో పడుతుంది. అలా పడ్డ ప్రతిసారీ ఆ కీలు పక్కకు మెలిపడుతుంది. అరిగిన కీలుకు పడనిదే అది.

ఇంకో మాట. రెండు అంటే ‘కొంచెమే’ అనుకుంటున్నారేమో. తిన్నగా నడిచినా ట్రాట్ చేసినా పట్టుకోవడం కష్టం, కానీ కొన్ని పరిస్థితుల్లో తప్పకుండా బయటపడుతుంది అని దానర్థం. ఆ పరిస్థితులేంటి? వీపు మీద బరువు, మలుపు, వాలు, గట్టి నేల. బరువొక్కటి తీసేశారు. మిగతా మూడూ మీ కొండదారిలోనే ఉన్నాయి. నేను ఇరవై ఏళ్లుగా లాడాలు కొడుతున్నాను. ‘ఏం లేదండీ, కొంచెం కుంటుతోందంతే’ అనే మాట వినని వారం లేదు.

పచ్చికబయలు:
లాడం గారు చెప్పింది స్నాయువు తెగిన గుర్రం విషయమైతే నేనూ నోరు మూసుకునేదాన్ని. దానికి నెలల తరబడి విశ్రాంతి, తర్వాత కొలిచి నడిపించడం తప్పదు. ఇది కీళ్ల అరుగుదల. కదలకుండా నిలబెడితే ఇంకా బిగుసుకుపోతుంది. రోజూ కాసేపు నడక మంచిదని మా వెట్ కూడా చెప్పారు. పైగా దీనికి దగ్గు ఉంది. నా గుర్రానికి ఆయాసం. ఎండుగడ్డి బూజు దుమ్ముకి కొట్టంలో ఎగశ్వాస వచ్చేది, బయట ఉంచడం మొదలుపెట్టాక చాలావరకు తగ్గింది. ఎండుగడ్డి వేయాల్సి వస్తే అరగంట నీళ్లలో నానబెట్టి వేస్తాను.

కొండబాట గారూ, నుసుముల సంగతి మాత్రం బాగా ఆలోచించండి. అవి బురదలో, తడి నేలలో పుడతాయి. తెల్లవారుజామున, సాయంత్రం ఎక్కువ. ఎగరడంలో మహా బలహీనం, కాస్త గాలి వీచినా నిలవలేవు. కాబట్టి వాగు ఒడ్డు చూడ్డానికి ఎంత బాగున్నా అక్కడ మకాం వేయకండి. గాలి ఆడే ఎత్తు మీద కట్టేసి నీళ్లు మోసుకు రండి. గుర్రం రోజుకి 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది కాబట్టి మీ నడుం విరుగుతుందనుకోండి, లేదా దాన్నే రెండు పూటలా వాగు దాకా తీసుకెళ్లి తాగించి వెంటనే వెనక్కి తేవాలి. ఒళ్లంతా కప్పే వల దుప్పటి మంచిదే, కానీ ఎక్కుడులో తీసేయండి. నేనొకసారి బద్ధకించి ఎండలో అలాగే నడిపించాను. చెమటకి తడిసి, పట్టీ ఒరుసుకుని భుజం మీద పుండు పడింది. దురద తప్పించబోయి గాయం చేశాను.

మూటాముల్లె:
అందరూ గుర్రం గురించే మాట్లాడుతున్నారు, కంచరగాడిదను ఎవరైనా అడిగారా? 400 కిలోల జంతువైతే జీనుతో కలిపి 80 కిలోల దాకా మోస్తుంది, అంటే ఒంటి బరువులో ఐదో వంతు. ఇప్పుడు లెక్కేయండి. గుర్రం దుప్పటి, గిట్ట బూట్లు, మందులు, నానబెట్టే దాణా, బకెట్లు, అదనపు తాళ్లు. గుర్రం ఖాళీగా నడుస్తోందంటే దాని సంసారమంతా పక్కదాని వీపు మీదికి వెళ్లిందన్నమాట. రెండు పక్కల సంచులూ తూకం వేసి సమానంగా కట్టకపోతే జీను ఒరిగి ఈసారి కంచరకి పుండు పడుతుంది. కంచరగాడిదకి గాడిద లక్షణం ఒకటి అబ్బింది. నొప్పి పైకి చూపించదు. మేత తగ్గించి కాస్త డల్‌గా ఉందంటే అప్పటికే వ్యవహారం ముదిరిందని అర్థం.

గుర్రం కంచె వెంట తిరిగే సంగతి కూడా కొత్తేం కాదు. కంచర తల్లి ఆడ గుర్రమే కదా. పాతకాలంలో సామాన్లు తోలేవాళ్లు ఒక ఆడ గుర్రం మెడలో గంట కట్టి ముందు నడిపించేవాళ్లు, కంచరగాడిదల గుంపంతా ఆ చప్పుడు వెంటే పోయేది. మీదీ అదే బంధం. అందులోనే ప్రమాదమూ ఉంది. రెండో రోజు గుర్రం కాలు మోపలేక ఆగిపోతే, సాయానికి వెళ్దామంటే కంచర దాన్ని వదిలి అడుగు వేయదు. వాహనం రాని చోట 450 కిలోల జంతువుని ఎత్తుకొచ్చేదెవరు? నేనొకసారి అలా ఇరుక్కుని మూడు రాత్రులు కొండ మీదే ఉన్నాను. గిట్టలో చీము. దానంతట అది పగిలేదాకా ఎదురుచూడ్డమే.

ఒంటరిజీను:
గుడ్డిదైనా గుర్రానికి దాణా తప్పదంటారు. మీది కుంటిది, దానికి యాత్రలు కూడా తప్పట్లేదు 😀 ఊరికే అన్నాలెండి. ఇంకో గుర్రం కొనుక్కోండి.

కొండబాట:
ఇంకో గుర్రం ఈ సమస్యకి జవాబు కాదు అన్నా. ఉన్నదాన్ని ఏం చేయాలన్నదే ప్రశ్న.

లాడం గారూ, మీరు లెక్కపెట్టిన ఆ మూడు పరిస్థితులు నాకు గుచ్చుకున్నాయి. అయినా ఉన్నది దాచకుండా చెబుతాను. నిటారు దారి ఉన్న రోజు పొద్దున బ్యూట్ అనే నొప్పి మందు పొడి దాణాలో కలిపి ఇస్తున్నాను. ఇస్తే హాయిగా నడుస్తుంది.

లాడం_దెబ్బ:
ఇదీ సంగతి! ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది.

మందులపెట్టె:
పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా పనిచేస్తాను, వెట్‌ని కాదు. ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను గానీ బ్యూట్ దగ్గర ఆగలేకపోయాను.

బ్యూట్, అంటే ఫినైల్‌బ్యుటాజోన్, చెడ్డ మందేం కాదు. వెట్ చెప్పిన మోతాదులో ఇస్తే ముసలి గుర్రాలు పచ్చికలో సుఖంగా బతుకుతాయి. కానీ జీర్ణాశయంలో, పేగుల్లో పుండ్లు చేయగలదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. ఎక్కుడులో చెమటోడుస్తూ, కొత్త చోటి నీళ్లు తాగనని మొండికేసే గుర్రానికి అది ఇవ్వడం ఏ లెక్కన మంచిది? దురదకి డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కూడా ఇస్తున్నారా? రెండూ కలిస్తే పుండ్ల ముప్పు ఇంకా పెరుగుతుంది. గిట్టల వాపు వ్యాధి వచ్చే అవకాశమున్న గుర్రానికి స్టెరాయిడ్ విషయంలో మరీ జాగ్రత్త. అదే పొడి కంచరకి అదే లెక్కలో వేయొద్దు. గాడిద జాతిలో కొన్ని మందులు ఒంట్లో నిలిచే తీరు వేరు, మత్తుమందైతే కంచరకి గుర్రం కన్నా ఎక్కువే కావాలి. వెట్‌ని అడగాల్సిందే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది మీ చివరి వాక్యం. హాయిగా నడుస్తోందంటే కీలు బాగుపడిందని కాదు, మీకు కబురు అందడం లేదని. మందు దిగాక బిల్లు మర్నాడు వస్తుంది.

మకాంలో రోజూ రెండు పూటలా గిట్ట వేడి, గిట్ట పైన వెనక పక్క నాడి చూడండి. విశ్రాంతిలో గుండె నిమిషానికి 28 నుంచి 44, శ్వాస 8 నుంచి 16 మధ్య ఉండాలి. రెండు ముందు గిట్టల నాడీ గట్టిగా కొట్టుకుంటూ, ఒంటి బరువు వెనక్కి వేసి నిలబడితే ఒక్క అడుగు కూడా నడిపించకండి.

పచ్చికబయలు:
మందు వేసి కొండెక్కించడాన్ని నేనూ సమర్థించను. ఆ మాట ముందే తెలిసుంటే అంత గట్టిగా వాదించేదాన్ని కాదు. కానీ లాడం గారూ, మరి కొట్టంలో కట్టేయమంటారా? అక్కడ దుమ్ము, దగ్గు, బిగుసుకుపోయే కీలు, ఒంటరితనం. అది దయా?

లాడం_దెబ్బ:
కట్టేయమని నేనెక్కడన్నాను మేడమ్? కొండ వద్దన్నాను. నడక వద్దనలేదు.

కొండబాట గారూ, ఒక పరీక్ష చేయండి. మందు ఆపాక వారం ఆగి, చదునైన మట్టిదారిలో నాలుగు కిలోమీటర్లు నడిపించండి. బయల్దేరే ముందు గట్టి నేల మీద ట్రాట్ వీడియో తీయండి. మర్నాడు పొద్దున మళ్లీ అదే చోట, అదే వైపు నుంచి తీయండి. నొప్పి కాలు నేలకి ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. తల ఊపు పెరిగితే ఆ దూరం ఎక్కువైనట్టే. నడుస్తున్నప్పుడు చూస్తే మోసపోతారు, ఒళ్లు వేడెక్కాక అన్నీ బాగానే కనబడతాయి. గిట్ట ముందు భాగం పొడుగు పెరగనివ్వకండి. ఆరేడు వారాలకోసారి చెక్కిస్తే కాలు ఎత్తడం తేలికవుతుంది.

కొండబాట:
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. మందు ఆపాను, వెట్‌కి చెప్పే. నాలుగు కిలోమీటర్ల చదును దారి: రెండు వీడియోలకీ తేడా లేదు. తర్వాతి వారం ఆరు: తేడా లేదు. ఆ పై వారం పాత దారిలోనే, వాలు కలిపి తొమ్మిది. వెళ్లినంతసేపూ చెవులు నిక్కబొడుచుకుని నాకన్నా ముందే నడిచింది. మర్నాడు ట్రాట్ దాకా పోనే లేదు, కట్టు విప్పగానే మామూలు నడకలోనే తల ఊపింది. రెండు కాస్తా నాలుగైంది. వారం విశ్రాంతి ఇస్తే తగ్గింది గానీ, ఆ పొద్దున నేను దాని మొహం చూడలేకపోయాను. రెండేళ్లుగా పొడి వేసి నేను చూడకుండా ఉన్నది ఇదే కదా.

కొండలు దానికి అయిపోయాయి. చదును దారిలో మూడు నాలుగు కిలోమీటర్లు, ఎండ బాగా ఎక్కకముందే, నుసుములు సర్దుకున్నాక. కొండల్లోకి కంచరా నేనూ వెళ్తాం. గుర్రానికి తోడుగా తెలిసినవాళ్ల ముసలి గాడిదను తెచ్చి కట్టాను. మొదటి రోజు పళ్లు చూపించింది, ఇప్పుడు ఒకే బకెట్లో మూతి పెడుతున్నాయి. కంచరతోనే అసలు తంటా. మలుపు తిరిగి గుర్రం కనబడకుండా రెండొందల అడుగులు వెళ్లేసరికి నాలుగు కాళ్లూ పాతేసి లోకమంతా వినేలా అరిచింది. రోజూ అక్కడిదాకా తీసుకెళ్లి, ఊరుకున్నాకే వెనక్కి తెస్తున్నాను. ఐదో రోజు అరవకుండా గడ్డి మేసింది.

మూటాముల్లె:
అరుస్తుండగా మాత్రం వెనక్కి తిప్పకండి, అరిస్తే ఇంటికెళ్లొచ్చని ఒక్కసారికే నేర్చేసుకుంటుంది. ఖాళీ జీను కట్టే అలవాటు చేయండి. బరువు తర్వాత.

పచ్చికబయలు:
ఆ గాడిద కూడా నుసుములకి రుద్దుకుంటోందా? ఒకే వల దుప్పటి ఇద్దరికీ మార్చి వేయకండి, ముందే చెబుతున్నా.