సైకాలజీ పీహెచ్‌డీకి యూనివర్సిటీ రీసెర్చ్ ర్యాంకు చూడాలా, వద్దా?

గంటస్తంభం శీను:
మా అక్క కూతురు సైకాలజీలో పీజీ ఆఖరి సంవత్సరం, పీహెచ్‌డీకి బయటి దేశాలు కూడా చూస్తానంటోంది. మొన్న ఆదివారం విజయనగరం వచ్చినప్పుడు ఒక ర్యాంకుల లిస్టు ప్రింటు తెచ్చి, ‘రీసెర్చ్ ఇంపాక్ట్’ కాలమ్ మొత్తం పచ్చ హైలైటర్‌తో గీసేసి, మొదటి 50లో ఉన్నవాటికే అప్లై చేస్తాను మావయ్యా అంది. ఫీజు కట్టేది నేను కాబట్టి అడుగుతున్నాను. సైటేషన్లు లెక్కపెట్టి యూనివర్సిటీలకి వరస పెడితే దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

మూడులాంతర్ల రాజు:
నమ్మొచ్చు. మనవైపు కాలేజీ ఎలా ఎంచుకుంటారో తెలిసిందే కదా, బస్సు వెనక ఫ్లెక్సీ చూసి, లేదంటే పక్కింటి కుర్రాడు అక్కడే చేరాడని విని. దానికన్నా ఇది వంద రెట్లు నయం. సైటేషన్ అంటే వేరే పరిశోధకుడెవరో తన పేపర్లో ఈ పనిని పేరు పెట్టి ప్రస్తావించడం. ప్రపంచ యూనివర్సిటీలకి వరస పెట్టే క్యూఎస్ ర్యాంకుల్లో ప్రొఫెసర్లనీ కంపెనీలనీ అడిగి వేసే పేరుప్రతిష్ఠల మార్కులు కూడా కలుస్తాయి, అందుకని మొత్తం ర్యాంకు వదిలేసి ఆ ఒక్క కాలమ్ చూసిన మీ మేనకోడలు తెలివైందే. మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో సైకాలజీకి విడిగా లిస్టే లేదు, ఇంక ఏది చూడమంటారు?

నాగావళి ఒడ్డు:
నేను ఈ సబ్జెక్టులోనే ఉన్నాను, కొంచెం పెద్దగా రాస్తాను, ఏమనుకోవద్దు. ఇలాంటి లెక్కల్లో తరచూ కనిపించేది హెచ్-ఇండెక్స్. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన ఒక్కో శాస్త్రవేత్త పనిని అంచనా వేయడానికి పెట్టాడు. కనీసం 20 సార్లు చొప్పున సైట్ అయిన పేపర్లు 20 ఉంటే హెచ్ 20. దాన్ని తీసుకెళ్లి డిపార్ట్‌మెంట్లకి అంటగడితే, నూరుమంది ఫ్యాకల్టీ ఉన్నచోటు పదిహేనుమంది ఉన్నచోటుని ఊరికే దాటేస్తుంది. పోనీ పేపరుకి సగటు ఎంతో చూద్దామా అంటే, ఒకటో రెండో పేపర్లకి వేలల్లో వచ్చి మిగతావాటికి అయిదో ఆరో వస్తాయి, ఆ ఒక్కటే సగటుని పైకి లాగేస్తుంది.

ఎలాంటి పేపర్లకి వేలల్లో వస్తాయో కూడా చూడండి. పీహెచ్‌క్యూ-9 అని డిప్రెషన్‌కి తొమ్మిది ప్రశ్నల ఫారం, 2001లో అమెరికా వాళ్ల పేపర్లో వచ్చింది. వాడినవాళ్లు ఆ పేపరుని సైట్ చేయాల్సిందే. నేనూ చేశాను. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్ల పక్కన కూర్చుని మొదటి ప్రశ్న అడిగాను, గత రెండు వారాల్లో చేసే పనుల మీద ఆసక్తి గానీ సంతోషం గానీ తగ్గిందా అని. ఒకావిడ చేతిలో గింజ వదలకుండానే “ఆసక్తేటమ్మా, కిలోల లెక్కన డబ్బులిస్తారు” అని నవ్వేసింది. జవాబుకి నాలుగు గళ్లుంటాయి: అస్సలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు రోజూ. ఆవిడ మాటని ఎందులో వేయాలో తెలీక పెన్ను పట్టుకుని అలా ఉండిపోయాను. చివరికి మొదటి గడిలో టిక్కు పెట్టాను, అది సరైనదని ఇప్పటికీ నమ్మకం లేదు. నా థీసిస్ వల్ల ఆ అమెరికా పేపరుకి ఒక సైటేషన్ పెరిగింది. ఆ ఆడవాళ్ల గురించి నేను రాసిందాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ సైట్ చేయలేదు.

మూడులాంతర్ల రాజు:
మేడం, మీ బాధ అర్థమైంది గానీ అది ఫారం గొడవ, ర్యాంకు గొడవ కాదు. అందరూ వాడే పనిముట్టు తయారుచేసినవాళ్లకి పేరు రావడంలో తప్పేంటి?

నాగావళి ఒడ్డు:
తప్పు లేదు. కానీ సైట్ అయినంత మాత్రాన అది నిజమని కాదు కదా. 2015లో ‘సైన్స్’లో వచ్చింది, పేరున్న జర్నళ్లలోని 100 సైకాలజీ అధ్యయనాల్ని మళ్లీ చేసి చూశారు. అసలు పేపర్లలో 97 శాతం ఫలితం కనిపించిందని చెప్పినవే, రెండోసారి 36 శాతమే నిలబడ్డాయి. నెదర్లాండ్స్‌లో టిల్బర్గ్ యూనివర్సిటీ డీన్ డీడరిక్ స్టాపెల్ డేటా సొంతంగా అల్లేశాడని 2011లో బయటపడింది, 50కి పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. బయటపడేదాకా వాటికొచ్చిన సైటేషన్లు కూడా మంచి అంకెలే.

మూడులాంతర్ల రాజు:
ఆ 2015 పేపరుకీ వేల సైటేషన్లు వచ్చాయి కదండీ. అంటే తప్పులు పట్టే పనికి కూడా ఇదే లెక్కలో విలువ దొరికింది. స్టాపెల్ ఒకడున్నాడని లెక్క మొత్తం పారేయమంటే, కల్తీ నూనె దొరికిందని వంట మానేసినట్టుంది.

ఉద్దానం కుర్రాడు:
ఫీజు మావయ్యది, హైలైటర్ మేనకోడలిది, టెన్షన్ మాత్రం మీ ఇద్దరిదీ.

రిటైర్డ్ మేష్టారు, శ్రీకాకుళం:
రాజుబాబూ, ఎవరు సైట్ చేస్తున్నారో కూడా చూడాలి. అమెరికాలో పారాసైకాలజీకి, అంటే టెలిపతీ లాంటి అతీంద్రియ శక్తుల పరిశోధనకి, పేరుపడ్డ రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు గారు 1960ల్లో మన ఏయూలో సైకాలజీ, పారాసైకాలజీ డిపార్ట్‌మెంటు పెట్టారు, తర్వాత వీసీ కూడా అయ్యారు. పెద్ద పండితుడు, అందులో అనుమానం లేదు. కానీ పారాసైకాలజీని బయటి సైకాలజిస్టులు చాలామంది ఒప్పుకోలేదు. ఒక గుంపులోపలే సైటేషన్లు తిరిగినా అంకె పెరుగుతుంది. పెద్ద గుంపైతే మనకి అది గుంపని తెలియదు, అంతే తేడా. 2008లో ఆర్నెట్ అనే ఆయన అమెరికా సైకాలజీ సంఘం వారి పెద్ద జర్నళ్లు తిరగేస్తే, అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో 68 శాతం అమెరికన్లే. టెక్కలి మనిషి మనసు గురించి చదవాలంటే ఆ పచ్చ కాలమ్ ఏం చెబుతుంది? మెదడు స్కానింగ్ మీద పనిచేస్తానంటే మాత్రం చూడమంటాను, యంత్రాలూ డబ్బూ ఎక్కడున్నాయో అది బాగానే చెబుతుంది.

గంటస్తంభం శీను:
ఇదంతా దానికి చూపించాను. స్కానింగ్ కాదట, ముసలివాళ్ల మతిమరుపు మీదట, మా అమ్మని చూసి పుట్టిన ఆలోచన. జ్ఞాపకశక్తి చూడడానికి ప్రపంచమంతా వాడే ఎంఎంఎస్ఈ అనే పరీక్షలో ఒక వాక్యం రాయమని కూడా అడుగుతారట, మా అమ్మ వేలిముద్ర మనిషి, ఆ మార్కు ఎలాగూ పోతుంది. చదువురానివాళ్లకి ఇలాంటి పరీక్షలు ఎలా పెట్టాలో పనిచేసే గైడ్ల కోసం రెండు రాత్రులు వెతికింది. లిస్టులో మొదటి 50లో ముగ్గురు దొరికారు, బయట ఇద్దరు. అయిదుగురికీ మెయిల్ పెట్టింది, బయటి ఇద్దరిలో ఒకావిడ అదే రోజు జవాబిచ్చి, మీ అమ్మమ్మ ఏ భాష మాట్లాడతారు, డబ్బు లెక్క ఎలా చూసుకుంటారు అని అడిగింది. మొదటి 50 వాళ్లలో ఒకరిది ఆటో రిప్లై వచ్చింది. రాజు గారూ, ఆ మూడింటికి కూడా ఫీజు కడుతున్నాను లెండి.