లినక్స్‌లో సౌండ్ పూర్తిగా పోయింది, ‘డమ్మీ అవుట్‌పుట్’ ఒక్కటే చూపిస్తోంది

సిరిమువ్వ:
సాయంత్రం ఆరింటి నుంచి ఇదే పని మీద ఉన్నాను, ఇప్పుడు పదకొండు దాటింది. సౌండ్ సెట్టింగ్స్ తెరిస్తే డమ్మీ అవుట్‌పుట్ అని ఒక్కటే ఉంది. స్పీకర్ లేదు, హెడ్‌ఫోన్ లేదు, మైకూ లేదు. పల్స్‌ఆడియో తీసేసి మళ్ళీ వేశాను, ఆల్సాని ఫోర్స్ రీలోడ్ చేశాను, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశానో లెక్కలేదు. పోయిన వారం దాకా ఇదే లినక్స్‌లో పాటలు చక్కగా వినిపించాయి. పొద్దున తొమ్మిదికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చూపించండి.

గవ్వ:
ఏ డిస్ట్రో (ఏ రకం లినక్స్)? ఏ ప్రాసెసర్? కెర్నల్ (సిస్టమ్ అడుగున నడిచే ముఖ్య భాగం) వెర్షన్ ఎంత? టెర్మినల్‌లో, సౌండ్ కార్డుల జాబితా చూపే ఏప్లే -ఎల్ కమాండ్ కొడితే ఏం వస్తోంది?

పాతకాపు:
సిరిమువ్వ గారూ, పల్స్‌ఆడియోని తీసి వేయడం దాదాపు అందరూ చేసే మొదటి పొరపాటు. అడుగున కెర్నల్‌లో సౌండ్ డ్రైవర్లు ఉండే ఆల్సా ఉంటుంది, దాని మీద పల్స్‌ఆడియో లాంటి సౌండ్ సర్వర్, ఆ పైన మీరు వాడే ప్రోగ్రాం. 2007లో ఫెడోరా 8 అనే డిస్ట్రోలో పల్స్‌ఆడియో వచ్చినప్పటి నుంచీ సౌండ్ రాకపోతే జనం దాన్నే తిడుతున్నారు. 2021లో ఫెడోరా 34, మరుసటి ఏడాది ఉబుంటు 22.10 పైప్‌వైర్ అనే కొత్త సౌండ్ సర్వర్‌కి మారాయి. ఇప్పుడు తిట్లన్నీ దానికి. ఎంత మంచి పనిమంతులు రాసిన సాఫ్ట్‌వేర్ అది, నాకు నిజంగా బాధేస్తుంది. డమ్మీ అవుట్‌పుట్ అంటే సర్వర్ నడుస్తూనే ఉంది, కింద నుంచి దానికి ఒక్క కార్డు కూడా అందలేదు అని అర్థం. వెతకాల్సింది కింద.

సిరిమువ్వ:
డెబియన్ 12, గ్నోమ్ డెస్క్‌టాప్. కెర్నల్ 6.1. ఇంటెల్ ప్రాసెసర్. ఏప్లే -ఎల్ కొడితే "నో సౌండ్‌కార్డ్స్ ఫౌండ్" అంటోంది.

తెరచాప:
డ్రైవర్ తేడా. ఈటీసీ కింద మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఒక కాన్ఫ్ ఫైలు పెట్టి "ఆప్షన్స్ ఎస్‌ఎన్‌డీ-ఇంటెల్-డీఎస్‌పీసీఎఫ్‌జీ డీఎస్‌పీ_డ్రైవర్=1" అని రాసి రీబూట్ చేయండి. నాకు అలాగే వచ్చింది.

గవ్వ:
అప్పుడే వద్దు. దాంతో స్పీకర్ వచ్చినా లోపలి మైకు పోతుంది. ఇంటర్వ్యూ అన్నారు కదా. ముందు సుడో (అడ్మిన్ అనుమతి) పెట్టి డీమెసేజ్ (కెర్నల్ రాసే సందేశాలు) తీసి, అందులో ఎస్‌ఓఎఫ్ (సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్) అని ఉన్న లైన్లు ఇక్కడ పెట్టండి.

సిరిమువ్వ:
ఎర్రగా ఉన్న లైను ఇది: "రిక్వెస్ట్ ఫర్మ్‌వేర్ ఇంటెల్/ఎస్‌ఓఎఫ్/ఎస్‌ఓఎఫ్-ఏడీఎల్.ఆర్‌ఐ ఫెయిల్డ్ ఎర్రర్ -2". అన్నట్టు, పనికొస్తుందో లేదో గానీ, పాత ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలిపోతే దాని ఎస్‌ఎస్‌డీ తీసి మొన్న కొత్తదాంట్లో పెట్టాను. సిస్టమ్ మాత్రం అదే, ఏమీ మార్చలేదు.

గవ్వ:
ఇది మొదటి లైనులో రాయాల్సిన సంగతి. -2 అంటే ఆ ఫర్మ్‌వేర్ ఫైలు, అంటే సౌండ్ చిప్‌లోకి ఎక్కించాల్సిన ప్రోగ్రాం, డిస్కులో లేదని. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో ఉండే సోర్సెస్.లిస్ట్ ఫైలులో మెయిన్ అని ఉన్న ప్రతి లైను చివరా నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ చేర్చండి. ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, ఫర్మ్‌వేర్-ఎస్‌ఓఎఫ్-సైన్డ్ ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత రీస్టార్ట్ కాదు, పూర్తిగా ఆపి మళ్ళీ ఆన్ చేయండి.

పాతకాపు:
ఎందుకో కూడా తెలిస్తే మంచిది. పాత యంత్రంలో డ్రైవర్ నేరుగా కోడెక్ (సౌండ్) చిప్‌తో మాట్లాడేది. ఇప్పటి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మధ్యన డీఎస్‌పీ అని ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. లోపలి మైకులు దానికే తగిలి ఉంటాయి. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ దానికి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి, లేకపోతే హెచ్‌డీఎంఐ సౌండ్‌తో సహా మొత్తం మూగబోతుంది. అసలు "సౌండ్ కార్డు" అనే మాటే ఇప్పుడు సరికాదు, బోర్డు మీద కార్డు అంటూ ఏదీ లేదు.

తెరచాప:
ఆల్సానే కార్డ్ 0, కార్డ్ 1 అని చూపిస్తుంది కదా. మరి దాన్నేమనాలి?

పాతకాపు:
ఆల్సా లెక్కలో కార్డు అంటే ఒక పరికరానికి పెట్టిన పేరు మాత్రమే.

నేలపట్టు:
తెరచాప గారూ, ఇది డ్రైవర్ సమస్య కాదు. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, లేనిది ఫర్మ్‌వేర్. ఇంకో ముఖ్యమైన విషయం ఎవరూ ఎత్తడం లేదు. ఎస్‌ఓఎఫ్ సోర్స్ కోడ్ 2018 నుంచీ బయటే ఉంది, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. కానీ మనం కొన్న ల్యాప్‌టాప్‌లలో చాలావరకు ఇంటెల్ డిజిటల్ సంతకం ఉన్న ఫైలునే చిప్ ఒప్పుకుంటుంది. మనం మార్చి కంపైల్ చేసుకున్నది ఎక్కదు. కోడ్ స్వేచ్ఛగా ఉండి యంత్రానికి తాళం ఉంటే ఆ స్వేచ్ఛ ఎవరికి?

తెరచాప:
వాడేవాళ్ళకి డ్రైవర్ అయినా ఫర్మ్‌వేర్ అయినా ఒకటేనండి, సౌండ్ రావాలి అంతే.

నేలపట్టు:
ఒకటి కాదు. రెండూ ఒకటే అనుకోబట్టే ఐదు గంటలు తప్పుచోట వెతికారు.

సిరిమువ్వ:
స్పీకర్ వచ్చేసింది!! మైకు కూడా కనిపిస్తోంది. హెడ్‌ఫోన్ పెడితే మాత్రం నిశ్శబ్దం.

గవ్వ:
టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరవండి. ఎఫ్6 నొక్కి కార్డు ఎంచుకోండి. హెడ్‌ఫోన్ గీత కింద ఎంఎం అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు. దాని మీదకి వెళ్ళి ఎం నొక్కండి, సౌండ్ పెంచండి.

నేలపట్టు:
ఆ తాళం సంగతికి ఎవరూ జవాబివ్వలేదు. క్రోమ్‌బుక్‌లలో కొన్నిటికి కమ్యూనిటీ తాళంచెవి (కీ)తో సంతకం చేసినా చెల్లుతుంది. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

పాతకాపు:
న్యాయమైన ప్రశ్న. దానికి విడిగా ఒక చర్చ పెట్టండి, నేనూ వస్తాను.

సిరిమువ్వ:
ఎంఎం ఉంది, తీసేశాను, వచ్చింది. థాంక్స్ అండి, పడుకుంటాను.

కొత్తనీరు:
నాదీ ఇదే సమస్య. కాకపోతే ఏఎండీ. పాటలు వినిపిస్తున్నాయి, మైకు ఒక్కటే లేదు. నేను కూడా అదే ప్యాకేజీ వేయాలా?