నాన్నకి పాలిప్స్ తీశారు, మళ్ళీ వస్తాయో లేదో జీన్ టెస్ట్ చెప్తుందా?

మారతహళ్ళి సురేష్
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 61, అనంతపురం నుంచి మా దగ్గరికి వచ్చారు. మోషన్‌లో రక్తం పడుతుంటే ఊర్లో పైల్స్ అనుకుని మందులు వాడుతూ వచ్చారు, ఇక్కడ బెంగళూరులో కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగు చూడటం) చేస్తే రెండు పాలిప్స్ (పేగు లోపల పెరిగే చిన్న కండలు) కనపడ్డాయి, అప్పుడే తీసేశారు. బయాప్సీలో ట్యూబ్యులర్ అడినోమా (వదిలేస్తే క్యాన్సర్‌గా మారే అవకాశమున్న మామూలు రకం పాలిప్), లో గ్రేడ్ డిస్‌ప్లేసియా (కణాల్లో మార్పు తక్కువే) అని వచ్చింది, పెద్దది 8 మి.మీ. క్యాన్సర్ కాదన్నారు, హమ్మయ్య అనుకున్నాం. ఇప్పుడు ఒక ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేసి ఉమ్ము శాంపిల్ ఇస్తే చాలు, మళ్ళీ వస్తాయో రావో చెప్పేస్తాం అంటున్నారు. నిజంగా చెప్పగలిగేదైతే ఎంతైనా పెట్టి చేయిస్తాను. ఎవరైనా చేయించారా?

జయనగర్ పద్మ
సురేష్ గారూ, నేను పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, రోజూ చూసే విషయమే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. ఇందులో రెండు రకాల టెస్టులున్నాయి. రక్తంతోనో ఉమ్ముతోనో చేసేది పుట్టుకతో వచ్చిన జీన్ లోపం కోసం, అంటే ఏపీసీ, మ్యూటీవైహెచ్ అనే జీన్లు, లించ్ సిండ్రోమ్‌కి (తరతరాలుగా ఇంట్లో పేగు క్యాన్సర్ తెచ్చే జబ్బు) సంబంధించిన ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లాంటివి. ఇంకోటి తీసిన పాలిప్ ముక్కలోనే చూసేది, అందులో ఏపీసీ, కేరాస్, బీరాఫ్ మార్పులు కనపడతాయి. ఏపీసీ దెబ్బతిని చిన్న అడినోమా మొదలవడం, తర్వాత కేరాస్, ఆ తర్వాత పీ53, ఇలా మెట్లు మెట్లుగా క్యాన్సర్ దాకా వెళ్తుందని 1990లోనే ఫియరన్, వోగెల్‌స్టీన్ రాశారు. కానీ ఏపీసీ మార్పు మామూలు అడినోమాల్లో చాలావాటిలో ఎలాగూ ఉంటుంది, అది ఉన్నంత మాత్రాన ఈయనకి మళ్ళీ వస్తుంది ఆయనకి రాదు అని విడదీసి చెప్పలేం. పరిశోధనలు నడుస్తున్నాయి, అయినా ఇవాళ్టికి డాక్టర్లు చూసేది ఎన్ని పాలిప్స్, ఎంత సైజు, విల్లస్ భాగం (వేళ్ళలా సాగినది) ఉందా, హై గ్రేడ్ (కణాల్లో మార్పు ఎక్కువ) ఉందా అనే. 2020 అమెరికా గైడ్‌లైన్స్ ప్రకారం 10 మి.మీ. కన్నా చిన్న ట్యూబ్యులర్ అడినోమాలు ఒకటి రెండు ఉంటే 7 నుంచి 10 ఏళ్ళకి, మూడు నాలుగుంటే 3 నుంచి 5 ఏళ్ళకి, 10 మి.మీ. లేదా అంతకన్నా పెద్దదుంటే 3 ఏళ్ళకి మళ్ళీ కొలనోస్కోపీ. అదీ పేగు శుభ్రంగా ఉండి, చివరిదాకా చూసి, పాలిప్ పూర్తిగా తీసుంటేనే. కొలనోస్కోపీ రిపోర్టులో ప్రిపరేషన్ (పేగు ఎంత శుభ్రంగా ఉందో) గురించి ఏం రాశారో ఒకసారి చూడండి.

కేఆర్‌పురం వెంకట్
అన్నా, మా ఇంట్లో కథ వేరు. మా అమ్మకి పేగు నిండా వందల పాలిప్స్, ఎఫ్‌ఏపీ (వంశపారంపర్యంగా పేగు నిండా పాలిప్స్ వచ్చే జబ్బు) అన్నారు, పెద్దపేగు తీసేయాల్సి వచ్చింది. ఏపీసీలో ఏ మార్పుందో ముందు అమ్మ రక్తంలో పట్టుకున్నారు, ఆ తర్వాత అమ్మ పిల్లలమైన మా అందరికీ సరిగ్గా అదే మార్పు కోసం చూశారు. నాకు వచ్చింది, తమ్ముడికి రాలేదు. ఇది ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం ఉన్న జబ్బు. తమ్ముడికి మాలా ప్రతి ఏడాదీ స్కోపీలు అక్కర్లేదని రాసిచ్చినరోజు వాడు నా భుజం పట్టుకుని ఏడ్చేశాడు, నాకొచ్చి వాడికి రాలేదని. నా కూతురికి పదేళ్ళు దాటాక మొదలుపెడదామన్నారు. అంటే జీన్ టెస్ట్ మా లాంటి ఇళ్ళకి ప్రాణం నిలబెట్టేది, కానీ ఇంట్లో జబ్బున్న మనిషికి ముందు చేయాలి. మీ నాన్నకి రెండే, చిన్నవి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

మారతహళ్ళి సురేష్
నాకు తెలిసి లేదు వెంకట్ గారూ. మా పెద్దనాన్న కడుపు జబ్బుతో పోయారంటారు, ఏ జబ్బో ఎవరూ చెప్పలేరు.

వైట్‌ఫీల్డ్ లత
ఆ కాగితాలు ఊర్లో ఏ బీరువాలోనో ఉంటాయి, పెద్దమ్మని అడిగి వెతికించండి, ఏ వయసులో పోయారో కూడా. జెనెటిక్ కౌన్సెలర్ (వంశపారంపర్య జబ్బుల గురించి సలహా ఇచ్చేవాళ్ళు) మొదట అడిగేది అదే, మా మామగారి విషయంలో కూర్చోబెట్టి మూడు తరాల వంశవృక్షం గీయించారు. ఆయనకి అప్పటిదాకా తీసినవన్నీ కలిపితే 10 దాటాయి, అందుకే టెస్ట్ చేయమన్నారు. రిపోర్టులో వీయూఎస్ అని వచ్చింది, అంటే మార్పు ఉంది కానీ మంచిదో చెడ్డదో తేలలేదు అని, దాన్ని చూసి మా అత్తగారు పూజలు మొదలుపెట్టారు పాపం. డాక్టర్ ఆ వీయూఎస్‌ని పక్కనపెట్టి పాలిప్స్ లెక్కని బట్టే తర్వాతి స్కోపీ తేదీ ఇచ్చారు. ఇంకోటి సురేష్ గారూ, నెగెటివ్ వచ్చిందని స్కోపీ మానేసేవాళ్ళున్నారు, దయచేసి నాన్నగారిని అలా మాననివ్వకండి. స్కోపీకి ముందు పేగు శుభ్రం చేసే పౌడర్ కలిపిన నీళ్ళు రెండు లీటర్లూ తాగించాలి, రెండు రోజుల ముందునుంచే ఆకుకూరలు, రాగిముద్ద, జామకాయ, టమాటా గింజలు ఆపేయాలి, గింజలు పేగుకి అతుక్కుంటే చిన్న పాలిప్ కనపడదు.

జయనగర్ పద్మ
లత గారు చెప్పింది కరెక్ట్. పెద్దనాన్నగారిది 50 లోపు పేగు క్యాన్సర్ అని తేలితే మాత్రం వెంటనే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి, అప్పుడు లించ్ గురించి ఆలోచించాలి. నాన్నగారి పాలిప్ ముక్కలు దాచిన పారఫిన్ బ్లాకులు, స్లైడ్లు హాస్పిటల్లో అడిగి తెచ్చి ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకోండి, కొన్నేళ్ళయ్యాక అడిగితే దొరకవు. బ్లాకుల్ని ఎండలో, వేడిలో పెట్టకండి, అది మైనం.

మారతహళ్ళి సురేష్
అందరికీ చాలా థాంక్స్. ఉమ్ము టెస్ట్ వాళ్ళకి వద్దని చెప్పేశా. రిపోర్టులో ప్రిపరేషన్ ఫెయిర్ (ఓ మాదిరి) అని ఉంది పద్మ గారూ, ఇది 7 ఏళ్ళు ఆగడానికి సరిపోతుందా?

జయనగర్ పద్మ
ఫెయిర్ అంటే చేసిన డాక్టర్‌నే అడగాలండి, 5 మి.మీ. కన్నా పెద్దవి ఏవీ మిస్ కాలేదని నమ్మకంగా చెప్పగలరా అని సూటిగా అడగండి. లేదంటే ఏడాదిలోపే మళ్ళీ చేయమంటారు.