ఏడాది చివరి టీటీ ఫైనల్స్: ఎనిమిది మందితో ఎలా నడపాలి?

గుణుపురం నుంచి ప్రశ్న
ఈ ఏడు మా ఊళ్లో, పర్లాకిమిడిలో, రాయగడలో, బరంపురంలో కలిపి నాలుగు టేబుల్ టెన్నిస్ పోటీలు జరుగుతున్నాయి. డిసెంబరు ఆఖర్లో డబ్ల్యూటీటీ (వరల్డ్ టేబుల్ టెన్నిస్) ఫైనల్స్ తరహాలో ఎనిమిది మందికి ఒక్కరోజు ఫైనల్స్ పెట్టమని పిల్లలు పట్టుబట్టారు. బల్లలు రెండే ఉన్నాయి. అసలు అక్కడ ఎవర్ని ఎలా తీసుకుంటారు? నాకౌటా, గ్రూపులా? తెలిసిన మాస్టార్లు చెప్పండి.

రాయగడ నుంచి జవాబు
మాస్టారూ, అది ఎంట్రీ కట్టి ఆడే పోటీ కాదు. ఏడాది పొడుగునా తెచ్చుకున్న పాయింట్లే టికెట్టు. మామూలు ప్రపంచ ర్యాంకు గడిచిన 52 వారాల్లో బాగా వచ్చిన 8 ఫలితాల మీద నడుస్తుంది. ఫైనల్స్‌కు చూసేది ఆ సీజన్ లెక్క. డబ్ల్యూటీటీ పోటీల స్థాయినిబట్టి గెలిచినవాళ్లకు గ్రాండ్ స్మాష్‌లో 2000, చాంపియన్స్‌లో 1000, స్టార్ కంటెండర్‌లో 600, కంటెండర్‌లో 400. ఫైనల్స్ గెలిస్తే 1500.

సింగిల్స్‌లో 16 మంది, మొదటి మ్యాచ్ నుంచే నాకౌట్. 2025లో హాంకాంగ్‌లో మిక్స్‌డ్ డబుల్స్‌కు మాత్రం ఎనిమిది జంటల్ని రెండు గ్రూపులు చేశారు. మన మానుష్ షా, దియా చితలే ఆ ఎనిమిదిలో ఉన్నారు. మీకు పనికొచ్చేది ఈ రెండో పద్ధతే. బస్సెక్కి వచ్చిన కుర్రాణ్ని ఒక్క మ్యాచ్‌తో ఇంటికి పంపేస్తే మళ్లీ రాడు.

ర్యాంకు ప్రకారం 1, 4, 5, 8 ఒక గ్రూపు. 2, 3, 6, 7 ఇంకోటి. గ్రూపుకు 6 మ్యాచ్‌లు, రెండు సెమీస్, ఒక ఫైనల్: మొత్తం 15. గ్రూపులో బలాన్నిబట్టి 1 నుంచి 4 వరకు అంకెలిచ్చి, ముందు 1-4, 2-3; తర్వాత 1-3, 2-4; ఆఖర్న 1-2, 3-4 ఆడించండి. పెద్ద మ్యాచ్ చివర్లో ఉంటే ఆసక్తి చల్లారదు. సెమీస్‌లో ఒక గ్రూపు మొదటివాడికి రెండో గ్రూపు రెండోవాడు.

బరంపురం నుంచి జవాబు (అంపైరింగ్ సంగతి)
పై లెక్క బాగుంది. గొడవ వచ్చేది మాత్రం ముగ్గురు సమానమైనప్పుడు. గెలుపుకు 2, ఆడి ఓడితే 1, రాకపోతే లేదా మధ్యలో వదిలేస్తే 0. ఇద్దరే సమానమైతే వాళ్లిద్దరి మ్యాచ్ చూస్తే సరి. ముగ్గురైతే ఆ ముగ్గురి మధ్య జరిగిన మ్యాచ్‌లే లెక్కలోకి వస్తాయి. నాలుగోవాణ్ని 3-0తో చితక్కొట్టినా ఒరిగేదేం లేదు.

ఉదాహరణకు క, ఖ, గ ముగ్గురూ ఘను ఓడించారు. క 3-1తో ఖను, ఖ 3-2తో గను, గ 3-0తో కను ఓడించారనుకోండి. గెలిచిన గేమ్‌లను ఓడిన గేమ్‌లతో భాగించాలి. గకు 5/3, ఖకు 4/5 అంటే 0.8, కకు 3/4 అంటే 0.75. గ మొదటివాడు, ఖ రెండోవాడు, క ఇంటికి. 'ఖను నేనే కదా ఓడించాను' అని క తప్పకుండా వస్తాడు. వాడి మాట చెల్లదు, ఎందుకంటే ముగ్గురి నిష్పత్తులూ ఒకే మెట్టులో తేలిపోయాయి. క, ఖల నిష్పత్తి కూడా సమానమై ఉంటే అప్పుడు గ మ్యాచ్‌లు తీసేసి వాళ్లిద్దరి మధ్య జరిగింది చూసేవాళ్లం. ముగ్గురికీ గేమ్‌ల నిష్పత్తి కలిసిపోతే పాయింట్ల నిష్పత్తి. అందుకే స్కోరు కాగితం మీద 3-1 అని రాసి ఊరుకోకూడదు, 11-8, 9-11 అంటూ ప్రతి గేమ్ పడాలి. ఇదంతా ఒడియాలోనూ తెలుగులోనూ రాసి పొద్దున్నే గోడకు అంటించండి.

గుణుపురం
పాయింట్లు ఎలా పెట్టాలి? ఒక్కరోజులో అవుతుందా? ఇద్దరు లాంగ్ పింపుల్స్‌తో (పొడుగు బుడిపెల రబ్బరు బ్యాట్లతో) గంటలు గంటలు ఆపేస్తారు.

రాయగడ
విజేతకు 100, రన్నరప్‌కు 70, సెమీస్‌కు 50, క్వార్టర్స్‌కు 30 పెట్టి, నాలుగింటిలో మంచి మూడు లెక్కేయండి. ఒక పోటీకి జ్వరమొచ్చినవాడు నష్టపోడు. 9, 10 ర్యాంకుల వాళ్లను రిజర్వుగా ముందే పిలవండి. గ్రూపు మొదలయ్యాక మార్పిడి వద్దు.

అన్నీ ఐదులో మూడు గేమ్‌లే. మ్యాచ్‌కు 35 నిమిషాలు వేసుకుంటే, 8:30కి మొదలైన గ్రూపు మ్యాచ్‌లు రెండు బల్లల మీద పన్నెండుకు అవుతాయి. ఫైనల్ ఒక్కటి ఏడులో నాలుగు పెట్టుకోవచ్చు.

బరంపురం
పింపుల్స్ వాళ్లకు ఎక్స్‌పెడైట్ నియమం ఉంది కదా బాబూ. గేమ్ పది నిమిషాలు దాటినా ఇద్దరివీ కలిపి 18 పాయింట్లు రాకపోతే అది మొదలవుతుంది. అప్పట్నుంచి మ్యాచ్ అయ్యేదాకా సర్వీసు చెరొకటి. రిసీవర్ 13 సార్లు సరిగా తిప్పి కొడితే పాయింటు వాడిదే. షాట్లు పైకి లెక్కపెట్టే మనిషి ఒకడు కావాలి, స్టాప్‌వాచ్ కావాలి.

ఇంకోటి, పైన ఫ్యాన్లు ఆపించండి. 40+ ప్లాస్టిక్ బంతి బరువు 2.7 గ్రాములే, గాలికి దారి తప్పుతుంది. నెట్ 15.25 సెంటీమీటర్లు ఉందో లేదో మధ్యాహ్నం మళ్లీ కొలవండి, క్లాంపు వదులైతే మధ్యలో జారిపోతుంది.