నారు పోసినవాడు, పళ్ళిచ్చినవాడు: ఒక లిథువేనియా సామెత

మొన్న గ్రూపులో తిరిగిన ఫార్వర్డు చాలామంది చూసే ఉంటారు. "ఐరోపాలో ఒక దేశం ఉంది, అక్కడి పల్లెటూళ్ళలో ఇప్పటికీ సంస్కృతమే మాట్లాడతారు" అని మొదలవుతుంది. కింద రెండు వాక్యాలు. ఒకటి లిథువేనియన్ సామెత: "దియెవస్ దవే దంతిస్, దువోస్ ఇర్ దువోనోస్." రెండోది దాని సంస్కృతమట: "దేవస్ అదదాత్ దంతాన్, దేవస్ దాస్యతి ధనమ్." చివర పది దండాలు, షేర్ చేయకపోతే మనం భారతీయులం కాదన్న బెదిరింపు.

సామెత నిజమైనదే. లిథువేనియాలో అందరికీ తెలిసిందే. దేవుడు పళ్ళిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడు అని అర్థం. బిడ్డకు పళ్ళు మొలిపించినవాడు నమలడానికి ఏదో ఒకటి చూపించకపోతాడా అని. మనకిది కొత్తేం కాదు. నారు పోసినవాడు నీరు పోయడా? మాట మాటకీ సరిపోయింది, వాళ్ళది నోటి దగ్గర మొదలైతే మనది మడి దగ్గర మొదలైంది, అంతే తేడా. రష్యన్‌లోనూ ఇలాంటిదే ఉంది: దేవుడు నోరిచ్చాడు, ముక్కా ఇస్తాడు. కాబట్టి ఈ ఆలోచన ఏ ఒక్కరి సొత్తూ కాదు. పేదింట్లో పిల్ల పుట్టిన ప్రతిచోటా ఎవరో ఒక ముసలమ్మ ఈ మాట అనే ఉంటుంది.

ఇక పోలిక సంగతి. ఫార్వర్డు రాసినాయన రెండు చోట్ల సొంత మార్పులు చేశాడు.

మొదటిది ఆ "ధనమ్". దువోనా అంటే డబ్బు కాదు, రొట్టె. అక్కడి రొట్టె అంటే మన పుల్కా కూడా కాదు. రై అనే ధాన్యం పిండిని పులియబెట్టి కాల్చిన నల్లని, బరువైన రొట్టె. గోధుమ కంటే చలికి బాగా తట్టుకునే పంట రై. ఈ దువోనాకు సంస్కృతంలో చుట్టం "ధనం" కాదు, "ధానాః". అంటే వేయించిన గింజలు. మనం రోజూ అనే "ధాన్యం" దానిలోంచే వచ్చింది. సామెత తిండి గురించి చెబుతుంటే డబ్బు గురించి అనుకోవడం మన కాలపు జబ్బు కాబోలు.

రెండోది ఇంకా తమాషా. సంస్కృతంలో "దేవస్ అదదాత్" అని ఎవరూ అనరు. సంధి కలిపి "దేవోఽదదాత్" అంటారు. విడిగా పలికితే "దేవః". పోలిక కొట్టొచ్చినట్టు కనబడాలని సంధి విడదీసి, విసర్గ తీసేసి, పాత "స్"ను వెనక్కి తెచ్చి పెట్టారు. నిజానికి ఇది చెప్పుకోదగ్గ సంగతే, కానీ ఫార్వర్డు చెప్పినట్టు కాదు. సంస్కృతంలో విసర్గగానో ఓకారంగానో మెత్తబడిపోయిన ఆ "అస్" లిథువేనియన్ పల్లెల్లో నేటికీ గట్టిగా "అస్" అనే వినిపిస్తుంది. దియెవస్ అంటే దేవుడు. వీరస్ అంటే మగవాడు, మొగుడు (మన వీరుడి చుట్టమే, కానీ కత్తి దించేసి ఇంటిపట్టున ఉన్నాడు). దూమస్ అంటే ధూమం, పొగ. ఉగ్నిస్ అగ్ని, అవిస్ గొర్రె, సూనుస్ కొడుకు, మెదుస్ తేనె. దంతిస్ పన్ను అని విడిగా చెప్పక్కర్లేదు. "దువోస్" అంటే ఇస్తాడు. దాస్యతిలో ఉన్న భవిష్యత్తు "స్య", ఆ చివరి "స్"లో నక్కి కూర్చుంది.

అలాగని ఇది సంస్కృతం పిల్ల కాదు. తల్లీకూతుళ్ళు కాదు, దూరపు అక్కచెల్లెళ్ళు. ఇద్దరి తల్లీ ఎప్పుడో పోయింది, ఆవిడ రాతలో ఒక్క అక్షరమూ మిగలలేదు. చెల్లెలు కొన్ని నగలు దాచుకుంది, కొన్ని పోగొట్టుకుంది. లిథువేనియన్ నామవాచకాల్లో నపుంసకలింగం పోయింది. క్రియలో "అతను ఇస్తాడు, వాళ్ళు ఇస్తారు" రెండింటికీ ఒకే రూపం. తొమ్మిదిని మనం నవ అంటే వాళ్ళు దెవీని అంటారు, నకారం పోయి దకారం వచ్చి కూర్చుంది. మన తెలుగుని ఎవరైనా తమిళం కూతురంటే మనకెంత ఒళ్ళు మండుతుందో గుర్తుంది కదా. వాళ్ళకీ ఒళ్ళే ఉంటుంది.

ప్రశ్న: మాస్టారూ, ఇంతకీ ఈ దేశం ఎక్కడ? ఇన్నేళ్ళు ఆ భాష అలా ఎలా నిలబడింది?

జవాబు: బాల్టిక్ సముద్రం ఒడ్డున. ఉత్తరాన లాత్వియా, తూర్పున, దక్షిణాన బెలారస్, దక్షిణాన పోలండ్, నైరుతిన రష్యాకి చెందిన కలినిన్‌గ్రాడ్ ముక్క. విస్తీర్ణం దాదాపు 65,300 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. జనం మాత్రం 2021 లెక్కల్లో 28 లక్షలు. అందులో లిథువేనియన్లు 84 శాతం పైనే, పోలిష్ వాళ్ళు ఆరున్నర, రష్యన్లు 5 శాతం. కొండలు లేవు. అన్నిటికంటే ఎత్తయిన ఔక్ష్తోయస్ 294 మీటర్లు, మన వాళ్ళకి చూపిస్తే గుట్ట అంటారు. అడవులు, చిత్తడి నేలలు, చెరువులు, వీటిని దాటుకుంటూ నెమునస్ నది. రాజధాని విల్నియస్.

లిథువేనియన్లు తమ దేశాన్ని లియెతువా అంటారు. వాన అనే మాట "లియెతుస్". అందుకని "వానదేశం" అని జనం చెప్పుకునే వ్యుత్పత్తి ఒకటి ఉంది. వినడానికి బాగుంటుంది, అక్కడ వానలూ బాగానే పడతాయి. పండితులు మాత్రం లియెతౌకా అనే చిన్న ఏటి పేరు వైపు చూస్తారు. ఊరి పేర్ల విషయంలో మన దగ్గరా ఇదే గొడవ, కథ ఒకటి ఉంటుంది, శాసనం ఇంకోటి చెబుతుంది.

నిలబడటానికి ఆ అడవులూ బురదా కొంత కారణమంటారు. ఐరోపాలో ఆఖరున క్రైస్తవం పుచ్చుకున్న దేశాల్లో ఇదొకటి, 1387లో. తర్వాత పెద్దవాళ్ళంతా పోలిష్‌కి మారిపోయారు. దొరల ఇళ్ళలో పోలిష్, పాలేళ్ళ ఇళ్ళలో లిథువేనియన్. అచ్చులో మొదటి లిథువేనియన్ పుస్తకం 1547లో వచ్చింది, అదీ దేశం బయట కోనిగ్స్‌బర్గ్‌లో. పొలంలో మాట్లాడే భాషకి ఫ్యాషన్లు తక్కువ, అదే దాన్ని కాపాడింది.

కానీ ఊరికే నిలబడలేదు. అప్పటికి దేశం రష్యా ఏలుబడిలో ఉంది. ఆ ఏలుబడి మీద 1863లో జరిగిన తిరుగుబాటు తర్వాత రష్యా చక్రవర్తి ప్రభుత్వం లిథువేనియన్‌ని లాటిన్ లిపిలో అచ్చేయడం నిషేధించింది. రష్యన్ లిపిలో వేసుకోండి అంది. 1864 నుంచి 1904 దాకా, నలభై ఏళ్ళు. అప్పుడు సరిహద్దు అవతల జర్మన్ల తూర్పు ప్రష్యాలో పుస్తకాలు అచ్చేసి, గోనెసంచుల్లో, గడ్డిబండ్లలో దాచి రాత్రిపూట ఇవతలికి మోశారు. దొరికితే జైలు, సైబీరియా. ఆ మోతగాళ్ళకి ఒక పేరే పుట్టింది, క్నీగ్నెషీస్. పుస్తకం మోసేవాడు. వాళ్ళ పేరు మీద ఏటా మార్చి 16న ఒక రోజు జరుపుతారు, వాళ్ళలో పేరు మోసిన యుర్గిస్ బియెలినిస్ పుట్టినరోజది. నాకైతే ఆ సామెత కంటే ఈ మాట విలువైనదనిపిస్తుంది. సామెత అందరికీ ఉంది. ఈ మాట అవసరమైంది వాళ్ళకే.

ప్రశ్న: సార్, ఆ "అస్" గురించి ఇంకొంచెం. మన "డు"కి దానికి ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: చుట్టరికం లేదు, తెలుగు ద్రావిడం. కానీ పని ఒకటే. చిన్నప్పుడు బెంచీ ఎక్కి అరిచాం కదా, డు ము వు లు ప్రథమా విభక్తి. రామః అనే వాడు మన గుమ్మం తొక్కాలంటే "డు" తగిలించుకుని రాముడు కావాలి. వృక్షం వృక్షము, తరు తరువు. ఆ తర్వాత బస్సు, కారు, బ్యాంకు, ఫోను వచ్చినా ఉకారం తగిలించుకోక తప్పలేదు. లిథువేనియన్‌ కూడా సరిగ్గా ఇంతే. బ్యాంకు బంకస్, టెలిఫోను తెలెఫోనస్, బస్సు ఔతొబుసస్. లండన్ లొందొనస్. షేక్‌స్పియర్ విల్యమస్ షెక్‌స్పీరస్ అయి కూర్చున్నాడు.

మనకి కారణం మాట అచ్చుతో ఆగాలని. వాళ్ళకి కారణం వేరు. అక్కడ ఏడు విభక్తులు, సంబోధనతో కలిపి. తోక లేని పేరుకి విభక్తి తగిలించడం కుదరదు. బుష్‌ని బుషస్ అన్నాకే బుషొ (బుష్ యొక్క), బుషుయి (బుష్‌కి), బుషై (ఓ బుష్షూ) అనగలరు. అంటే "అస్" అలంకారం కాదు, కొక్కెం. మిగతావన్నీ దానికే వేలాడాలి.

ప్రభుత్వం మాటల్లో చూడండి, ఇంకా సరదాగా ఉంటుంది. ప్రెసిడెంటు ప్రెజిదెంతస్, మంత్రి మినిస్త్రస్. పార్లమెంటు పేరు సెయ్మస్. ఇదీ తెచ్చుకున్న మాటే, పోలిష్‌లో "సెయ్మ్". దానికి "అస్" కొక్కెం వేసి సొంతం చేసుకున్నారు. సెయ్మస్‌లో 141 మంది సభ్యులు. 71 మంది మన ఎమ్మెల్యేల్లా నియోజకవర్గాల నుంచి, 70 మంది పార్టీ జాబితాల నుంచి, నాలుగేళ్ళకోసారి. అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఐదేళ్ళకి ఎన్నుకుంటారు. విదేశాంగంలో అధ్యక్షుడి మాట గట్టిది, రోజువారీ పాలన ప్రధాని చేతిలో.

ప్రశ్న: మాస్టారూ, ఆడవాళ్ళ పేర్లకి కూడా "అస్" ఏనా? మా అమ్మాయి ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అని మా ఇంట్లో ఇప్పుడే గొడవ, అందుకని అడుగుతున్నా.

జవాబు: అమ్మా, మీ ఇంటి గొడవ వాళ్ళ పక్కన చాలా చిన్నది. తండ్రి కజ్లౌస్కస్ అయితే భార్య కజ్లౌస్కియెనే, పెళ్ళికాని కూతురు కజ్లౌస్కైతే. ఒకే ఇల్లు, మూడు ఇంటిపేర్లు. "ఐతే, ఈతే, ఊతే" అని తోక ఉంటే తండ్రింటి పేరు, "ఇయెనే" అని ఉంటే మొగుడింటి పేరు. 2009 నుంచి 2019 దాకా అధ్యక్షురాలుగా ఉన్న దాలియా గ్రీబౌస్కైతే, 2020లో ప్రధాని అయిన ఇంగ్రిదా షిమొనీతే, ఇద్దరి పేర్లూ వాళ్ళు పెళ్ళి చేసుకోలేదని ఎవరూ అడగకుండానే చెప్పేస్తాయి. మా పెళ్ళి సంగతి ఊరందరికీ పేరులోనే ఎందుకు అని చాలామంది ఆడవాళ్ళు అడిగారు. 2003లో ఏ సంగతీ చెప్పని పొట్టి "ఏ" తోకను భాషా సంఘం ఒప్పుకుంది. దాన్ని పెట్టుకున్నవాళ్ళ మీద అప్పట్లో విసుర్లూ తక్కువేం కాదు. మగవాడి పేరు మాత్రం ఏమీ చెప్పదు, ఎప్పుడూ అంతే.

ప్రశ్న: అన్నా, గింత చిన్న దేశంల భాషకు ఒక సర్కారు సంఘమా? జరిమానాలు గూడ ఏస్తరంట, నిజమేనా?

జవాబు: నిజమే తమ్ముడూ. రాష్ట్ర భాషా సంఘం ఉంది, అది సెయ్మస్‌కి జవాబుదారీ. వేరే తనిఖీ శాఖ ఉంది, జరిమానా వేసే అధికారమూ ఉంది. మనకి అతిగా అనిపించవచ్చు, నాకూ అనిపిస్తుంది. కానీ వరస చూడు. 1940లో సోవియట్లు కలిపేసుకున్నారు, మధ్యలో జర్మన్లు, మళ్ళీ సోవియట్లు. 1988 నవంబరులో, ఇంకా సోవియట్ రాజ్యంలో ఉండగానే, లిథువేనియన్‌ని అధికార భాషగా ప్రకటించారు. 1989 ఆగస్టు 23న మూడు బాల్టిక్ దేశాల జనం విల్నియస్ నుంచి టాలిన్ దాకా చేతులు పట్టుకుని నిలబడ్డారు. 1990 మార్చి 11న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు, సోవియట్ రిపబ్లిక్కుల్లో అందరికంటే ముందు. 1991 జనవరిలో విల్నియస్ టీవీ టవర్ దగ్గర సోవియట్ సైన్యం విరుచుకుపడితే 14 మంది పోయారు. 1992 రాజ్యాంగంలో పద్నాలుగో అధికరణం ఒకే ముక్క: రాజ్య భాష లిథువేనియన్. రాజ్యం కంటే ముందు భాష వచ్చింది, అందుకే దాని మీద అంత కాపలా.

కాపలా ఎక్కువైతే పక్కవాడికి గుచ్చుకుంటుంది కూడా. వాళ్ళ 32 అక్షరాల్లో క్యూ, డబ్ల్యూ, ఎక్స్ లేవు. విల్నియస్ చుట్టుపక్కల పోలిష్ వాళ్ళ పేర్లలో డబ్ల్యూ లేనిది గడవదు. పాస్‌పోర్టులో తమ పేరు తమ అక్షరాలతో ఉండాలని ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2022లో ఆ మూడు అక్షరాలనీ పేర్లలోకి రానిచ్చారు. లిపిని కాపాడుకోవడానికి గడ్డిబండ్లలో పుస్తకాలు మోసినవాళ్ళ మనవలు, పక్కింటివాడి ఒక్క అక్షరానికి అన్నేళ్ళు తలుపు తీయకపోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

వ్యాఖ్య: మా దిక్కు "నారు వోసినోడు నీరు వోయడా" అంటరు సార్. ఇంకోటి, మన హైదరాబాదును వాళ్ళేమంటరు?

జవాబు: హైదరాబదస్. మనం "ఉ" పెట్టాం, వాళ్ళు "అస్" పెట్టారు. ఇక నేను హైదరాబాదులో ఉంటున్నాను అని వాళ్ళ భాషలో చెప్పాలంటే: "అష్ గీవెను హైదరాబదె." అష్ అంటే అహం, నేను. గీవెనులో ఉన్నది జీవ్ ధాతువు చుట్టమే. చివరి "ఎ" సప్తమీ విభక్తి. ఫార్వర్డు చేసినాయన ఈ వాక్యం పెట్టుంటే నేనూ షేర్ చేసేవాణ్ణి.