'ది హంట్' చూసినవాళ్లు చెప్పండి: ఆఖరి ఎపిసోడ్ నాకొక్కడికేనా వెలితిగా అనిపించింది?

వేపచెట్టు_నీడ అడిగారు:

రాజీవ్ గాంధీ హత్య కేసు మీద నగేష్ కుకునూర్ తీసిన 'ది హంట్' మొత్తానికి పూర్తి చేశాం. 2025 జులైలో సోనీ లివ్‌లో వచ్చింది, ఏడు ఎపిసోడ్లు. ఇప్పుడు ఇంట్లో దీని మీదే గొడవ. నాన్నకి తెగ నచ్చేసింది, ఇన్నాళ్లకి పోలీసుల్ని పోలీసుల్లా చూపించారు, స్లో మోషన్‌లో నడిచొచ్చే హీరో లేడు అంటారు. తమ్ముడేమో మూడో ఎపిసోడ్‌కే ఫోన్ తీశాడు. ఎవరు సీబీఐ, ఎవరు తమిళనాడు పోలీసు, ఎవరు ఎవరికి రిపోర్ట్ చేయాలో ఒక్క ముక్క అర్థం కాలేదట, అందరూ చొక్కా టక్ చేసుకుని ఫైళ్లు పట్టుకుని తిరుగుతున్నారట.

నాకు హరిబాబు కెమెరా దగ్గర నుంచి బాగా పట్టేసింది. బాంబు పేలి ఫొటోగ్రాఫర్ చనిపోయాడు కానీ కెమెరా చెక్కుచెదరలేదు, అందులో పది ఫొటోలు, చేతిలో దండతో మానవబాంబు ధను, పక్కన తల్లీకూతుళ్లు, ఇంకోచోట తెల్ల కుర్తా వేసుకుని విలేకరిలా నోట్‌బుక్ పట్టుకున్న కుట్ర సూత్రధారి శివరాసన్. ఎవరైనా కథ రాసుకొచ్చి ఇలా చెబితే మరీ సినిమాటిక్‌గా ఉందని పక్కన పడేసేవాళ్లం. కానీ శివరాసన్ దాక్కున్న బెంగళూరు కోననకుంటె దగ్గరికి వచ్చేసరికి చిరాకు మొదలైంది. ఇల్లు దొరికింది, కమాండోలు వచ్చారు, ఇక లోపలికి వెళ్లకుండా గంటలు గంటలు ఆగడం ఏంటి? నిజంగానే అలా జరిగిందా, సస్పెన్స్ కోసం సాగదీశారా? ఇంకోటి, నళిని లాంటి మామూలు ఉద్యోగం చేసుకునే అమ్మాయి ఈ కుట్రలోకి ఎలా వచ్చిందో ఇంకాస్త చూపించి ఉంటే బాగుండేది అనిపించింది. మీకెలా అనిపించిందో చెప్పండి. రాజకీయాలు వద్దు, తిట్లు అసలే వద్దు.

టీ_బంకు_కబుర్లు:

సాగదీయలేదు బ్రో, జరిగిందే అంత. 1991 ఆగస్టు 18 రాత్రికి ఇల్లు తెలిసింది, లోపలికి వెళ్లింది 20 పొద్దున. అప్పటికి లోపల ఏడుగురూ శవాలే. శివరాసన్ తలలోకి కాల్చుకున్నాడు, అతని వెంట ఉన్న శుభ సహా మిగతావాళ్లు సైనైడ్ మింగారు.

ఆగడానికి కారణం కూడా ఉంది. అంతకు ఒకట్రెండు రోజుల ముందే మాండ్య వైపు ముత్తత్తి, బిరూటా ఊళ్లలో దాక్కున్న ఎల్టీటీఈ వాళ్లని, అదే శ్రీలంక తమిళ పులులని, పట్టుకోబోతే చాలామంది సైనైడ్ కొరికి చనిపోయారు. శివరాసన్ కూడా అలా చచ్చిపోతే కుట్ర వెనక ఎవరున్నారో చెప్పేవాడే మిగలడు, అందుకే ప్రాణాలతో కావాలి, విరుగుడు మందు సిద్ధం చేసుకుని, పైఅధికారి వచ్చాకే వెళ్లాలి అని ఆపారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మెడలో సైనైడ్ గొట్టం వేసుకున్నవాడికి మనం ఒకటిన్నర రోజు టైమ్ ఇస్తే ఏం చేస్తాడు చెప్పు. లోపలికి వెళ్తాం అంటున్న ఎన్ఎస్‌జీ కమాండోల కెప్టెన్ ఫోన్ పక్కన కూర్చుని రగిలిపోతుంటాడే, నాకు సిరీస్ మొత్తంలో బాగా నచ్చింది ఆయనే. నీకు చిరాకొచ్చిందంటే డైరెక్టర్ పని అయినట్టే.

సాగరతీరం61:

నేను విశాఖ మనిషిని, అప్పటికే ఉద్యోగంలో ఉన్నాను. చాలామందికి తెలియదు కానీ హత్య జరిగిన మే 21 సాయంత్రం దాకా రాజీవ్ మా ఊళ్లోనే ఉన్నారు, ఎన్నికల ప్రచారానికి వచ్చారు. మద్రాసు వెళ్లాల్సిన విమానంలో ఏదో లోపం వచ్చిందన్నారు, సరే ఈ రాత్రికి ఇక్కడే ఆగిపోదాం అని ఆయన ఎయిర్‌పోర్ట్ నుంచి బయల్దేరారు కూడా. దారిలో ఉండగా బాగైపోయిందని కబురు రావడంతో వెనక్కి తిరిగారు. రాత్రి ఎనిమిదిన్నర లోపే మద్రాసులో దిగారు, పది దాటాక శ్రీపెరంబుదూరులో అంతా అయిపోయింది. మా ఊళ్లో ఇప్పటికీ పెద్దవాళ్లు కూర్చుంటే ఆ మెకానిక్ కాస్త ఆలస్యం చేసి ఉంటే అనుకుంటారు, అందులో పాపం ఆయన తప్పేముంది, ఆయన పని ఆయన చేశాడు.

సిరీస్ మొదలవడమే శ్రీపెరంబుదూరులో కాబట్టి ఇదంతా పట్టించుకోలేదు, ఫర్వాలేదు. కానీ ఆ తర్వాతి రోజులు తెలుగువాళ్లకి వేరేగా గుర్తుంటాయి బాబూ. చంపింది ఎవరో ఇంకా తేలనే లేదు, ఇక్కడ తెలుగుదేశం వాళ్ల ఇళ్ల మీద, ఆస్తుల మీద పడ్డారు. దుకాణాల షట్టర్లు దించేశారు, బస్సుల్లేవు, మా వీధి చివర ఎవరో టైర్లు తగలబెడితే ఆ మసి రెండు రోజులు ఇంట్లోకి వచ్చింది. మే 20న మొదటి విడత పోలింగ్ అయింది కదా, మిగతాది జూన్ 12, 15కి జరిపారు. ఆ ఎన్నికల్లో పోటీ కూడా చేయని పీవీ నరసింహారావు గారు సరిగ్గా నెలకి, జూన్ 21న, ప్రధానిగా ప్రమాణం చేశారు. ఢిల్లీ నుంచి మకాం ఎత్తేసే ఆలోచనలో ఉన్న మనిషి! నంద్యాల నుంచి లోక్‌సభకి వెళ్లింది ఆ తర్వాత. ఈ కథ మీద మనవాళ్లెవరైనా తీయాలి.

కోపం_తక్కువ:

నేను మీ తమ్ముడి పార్టీ. తీగ దొరుకుతుంది, వెళ్తారు, ఆలస్యమైపోతుంది, మళ్లీ తీగ దొరుకుతుంది, మళ్లీ వెళ్తారు. ఏడు ఎపిసోడ్లు ఇదే. నాలుగు చాలు.

మైలాపూర్_తెలుగు:

చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాడిగా నా మాట వేరు. తీసిన పద్ధతి బాగుంది, కాదనను. కానీ సిరీస్‌కి ఆధారమైన పుస్తకమే దర్యాప్తు గురించి, హత్య తర్వాతి తొంభై రోజుల గురించి ఒక జర్నలిస్టు రాసింది, సిరీస్ కూడా 'మల్లిగై' బంగళాలో కూర్చున్న సిట్ (ఈ కేసు ప్రత్యేక దర్యాప్తు బృందం) ఆఫీసర్ల భుజం మీద నుంచే చూస్తుంది. మా ఊళ్లో ఈ కేసు అంటే పేరరివాళన్ గుర్తొస్తాడు. అరెస్టయినప్పుడు 19 ఏళ్లు. రెండు 9 వోల్ట్ బ్యాటరీలు కొనిచ్చాడని కేసు. అవి దేనికో తనకి తెలియదన్న మాటని అతని వాంగ్మూలంలో నేనే రాయలేదని వాంగ్మూలం తీసుకున్న సీబీఐ ఎస్పీ 2013లో తనే బయటపెట్టాడు. 31 ఏళ్లు లోపలుండి 2022 మే 18న విడుదలయ్యాడు, అదే ఏడాది నవంబరులో నళినితో పాటు మిగిలిన ఆరుగుర్నీ వదిలేశారు.

కింది కోర్టు 1998లో 26 మందికీ ఉరి వేసింది, మొత్తం 26 మందికీ! 1999లో సుప్రీంకోర్టు నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం ఉంచి మిగతా 19 మందిని వదిలేసింది. టాడా (అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం) కింద ఉగ్రవాద నేరం రుజువు కాలేదంది, కానీ ఆ టాడా కిందే పోలీసులకిచ్చిన వాంగ్మూలాలు మాత్రం చెల్లుతాయంది. ఇంటరాగేషన్ గదిలో ఒక మనిషి నోరు విప్పగానే మనకి హమ్మయ్య కథ కదిలింది అనిపిస్తుంది చూడండి, నాకు ఆ సీన్లు అంత హాయిగా చూడబుద్ధి కాలేదు.

టీ_బంకు_కబుర్లు:

@మైలాపూర్_తెలుగు అన్నా, మీరు చెప్పినవి నిజమే, కానీ ఆగస్టులో ముగిసే కథలో 2013 ఎలా పెడతారు? అది ఇంకో సిరీస్. పైగా అక్కడ చనిపోయింది రాజీవ్ ఒక్కరే కాదు. ఎస్పీ ఇక్బాల్ పోయారు, ఇంకా చాలామంది పోలీసులు, ఆ ఫొటోలో ధను పక్కనున్న, కవిత చదివిన పాప, వాళ్లమ్మ. వాళ్ల వైపు నుంచి ఎవరూ తీయరు, వాళ్ల కోసం ఎవరూ ధర్నా చేయరు. ధనుని వెనక్కి నెట్టిన సబ్ ఇన్‌స్పెక్టర్ అనసూయ గాయాలతో బతికి బయటపడ్డారు, ఆమె గురించి ఎంతమందికి తెలుసు?

మైలాపూర్_తెలుగు:

తమ్ముడూ, వాళ్లని మర్చిపొమ్మని నేననలేదు. ఆ పాప పేరు కోకిల, ఆ పేరు మా ఇళ్లలో అందరికీ తెలుసు. నేనంటున్నది చూసేవాడు ఎవరి భుజం మీద నుంచి చూస్తున్నాడో గమనించుకోవాలనే. వేపచెట్టు_నీడ గారు అడిగిన నళిని ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది, సిట్ ఆఫీసర్‌కి ఆమె నిందితురాలు, ఎక్కడ దాక్కుందన్నదే కావాలి, ఎందుకు వచ్చిందన్నది కాదు.

గోంగూర_డల్లాస్:

నాకు మాత్రం లోటు అనిపించింది ఐపీకేఎఫ్ (శ్రీలంకకి వెళ్లిన మన శాంతి సేన) దగ్గర. 1987లో ఒప్పందం చేసుకుని శ్రీలంకకి మన సైన్యాన్ని పంపడం, కాపాడటానికి వెళ్లినవాళ్లు పులులతోనే యుద్ధానికి దిగడం, మనవాళ్లు వెయ్యి మందికి పైగా చనిపోవడం, అక్కడి తమిళుల ఇళ్లలో జరిగిన దారుణాలు, 1990 మార్చికి తిరిగి రావడం, ఇదంతా తెలియకపోతే రాజీవ్ మళ్లీ గెలుస్తాడంటే పులుల నాయకుడు ప్రభాకరన్‌కి అంత భయం ఎందుకో అర్థం కాదు. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, వాడు మధ్యలో పాజ్ చేసి ఆయన్నెందుకు చంపారు డాడీ అని అడిగాడు. అరగంట చెప్పాల్సి వచ్చింది. ఒక అర ఎపిసోడ్ దీనికిచ్చి, ఆఫీసర్లు కారెక్కడం దిగడం కొంచెం తగ్గిస్తే పోయేది.

నటులు మాత్రం భలే కుదిరారు. అమిత్ సియాల్‌ని ఇన్నాళ్లూ తేడా మనిషి వేషాల్లో చూసి చూసి, ఇందులో గొంతు కూడా పెంచని సిట్ చీఫ్ కార్తికేయన్‌గా చూస్తే కొత్తగా ఉంది. అన్నట్టు ఆ కార్తికేయన్ గారు సిట్‌కి వెళ్లే ముందు హైదరాబాద్‌లోనే సీఆర్‌పీఎఫ్‌లో ఉన్నారు. దర్యాప్తు అధికారి రఘోత్తమన్‌గా భగవతి పెరుమాళ్ చేసిన సీన్లన్నీ బాగున్నాయి, ఢిల్లీ నుంచి దిగిన ఆఫీసర్లకి తమిళం రాక ఈయన మొహం వైపు చూస్తుంటారు, ఈయన అవతలివాడు చెప్పింది మొత్తం విని, ఒక్క క్షణం ఆగి, అప్పుడు చెప్తాడు. ఆ క్షణంలోనే టెన్షన్ అంతా. అందుకే డబ్బింగ్ వద్దు, ఒరిజినల్ ఆడియో పెట్టుకుని సబ్‌టైటిల్స్‌తో చూడండి, అందరూ ఒకే భాష మాట్లాడేస్తే ఆ ఇబ్బందే పోతుంది.

వేపచెట్టు_నీడ:

అందరికీ థాంక్స్. మేం చూసింది డబ్బింగే, తమ్ముడికి ఎవరెవరో తెలియకపోవడానికి అదీ ఒక కారణమై ఉంటుంది. సాగరతీరం గారూ, విమానం సంగతి నాన్నకి చదివి వినిపించాను, ఆయనకీ తెలియదు. మైలాపూర్ గారు చెప్పాక ఇంటరాగేషన్ సీన్లు మళ్లీ చూశాను. నిజమే, అక్కడ కెమెరా ఎప్పుడూ టేబుల్‌కి ఇటువైపే, ఆఫీసర్ పక్కనే ఉంది. అయినా కోననకుంటె విషయంలో నేను మారను, కారణం ఏదైనా అంతసేపు ఆగడం తప్పే.

ఇంకో డౌట్. గంధపు దండ కొన్న బిల్లు దొరికింది కదా, అది కూడా నిజమేనా?

టీ_బంకు_కబుర్లు:

నిజమే. పూంపుహార్ అని తమిళనాడు ప్రభుత్వ హస్తకళల దుకాణం, అక్కడ కొన్నారు. మే 7న వీపీ సింగ్ సభలో రిహార్సల్ చేశారు చూడు, అదీ నిజమే, మద్రాసు నందనంలో. బిల్లు పారేయాలన్న ఆలోచన మాత్రం అన్ని ప్లాన్లు వేసినవాళ్లకి రాలేదు.